ఆరడుగులు వెనక్కి

చెనాయ్ ట్రేడ్ సెంటర్, రెండో అంతస్తు,
మెట్ల పక్క నుంచి మూడో షట్టర్ నాది.
పాత గేములు కొంటాను, అమ్ముతాను, విప్పి బిగిస్తాను.
గాజు బల్ల కింద అట్టపెట్టె నిండా
ఒళ్ళు చూసే కెమెరాలు,
తీగలు ఒకదాని మెడకొకటి చుట్టుకుని
ఎండుచేపల కట్టలా.

నిన్న ఒక కుర్రాడొచ్చాడు.
భుజం మీది సంచి దించకుండానే
"అన్నా, వీటికి ఫ్యూచర్ ఉందంటావా?" అన్నాడు.
చేతిలో ఏమీ లేకుండా ఒంటితోనే ఆడే ఆట
మళ్ళీ ఇళ్ళల్లోకి వస్తుందా అని.
వెంటనే జవాబు చెప్పలేదు.
రెండు చాయ్ చెప్పాను.

వారాసిగూడలో మాది రెండు గదుల వాటా.
అమ్ముడుపోనిదాన్ని ఒకదాన్ని
ఒక దసరా సెలవుల్లో ఇంటికి మోసుకెళ్ళాను.
టీవీ మీద కూర్చోబెట్టగానే ఎర్రకన్ను తెరిచి
అది అన్న మొదటి మాట: వెనక్కి జరగండి.
జరిగాం.
ఇంకా జరగండి.
దివాన్ నిలబెట్టాం, బియ్యం డబ్బా వంటింట్లోకి తోశాం,
ఫ్రిజ్ వీపుకి వీపు ఆనించి నిలబడ్డాం.
ఇంకొంచెం, అంది.
ఇంకొంచెం అంటే గోడ.
గోడ అవతల ఇంకెవరిదో పడకగది.

మా అమ్మ మల్లవ్వ ముందుకొచ్చింది.
యంత్రం ఆమెలో రెండు కాళ్ళు వెతికింది.
చీరలో ఒక్క స్తంభమే కనపడి
మనిషి కాదనుకుంది.
కొక్కేనికి వేలాడుతున్న నా చొక్కాని మాత్రం
రెండో ఆటగాడిగా ఒప్పుకుంది.
అమ్మ గోచీ బిగించింది,
ఈ ఊరి మేడలకి ఇటుకలు మోసిన నాటి గోచీ.
అప్పుడు గుర్తుపట్టింది.
రెండుసార్లు వంగి లేచి అమ్మ అడిగింది:
"ఒళ్ళు వంచితే కూలీ ఇయ్యాలె గదరా,
గిదేంది, మనమే పైసలిచ్చి వంగుడు?"

కింది వాటా ఖమరున్నీసా ఆపా
రెండు రోజులు చీపురు కర్రతో కప్పు పొడిచింది.
మూడోరోజు తానే ఎక్కి వచ్చింది,
"క్యా తోడ్‌రై మియా ఊపర్?"
మా వెన్నెల ఆమె చేయి పట్టి గది మధ్యకి లాగింది.
బురఖాలో యంత్రానికి కాళ్ళు దొరకలేదు, నడుము దొరకలేదు,
దొరికిందల్లా ఒక చేయి.
ఆ చేయి విసిరిన లేని బంతికి
పదికి పది పిన్నులు పడిపోయాయి.
ఆపా అంత గట్టిగా నవ్వడం
ఆ మెట్లు ఎప్పుడూ వినలేదు.
తర్వాత చీపురు మోగితే తిట్టు కాదు,
ఇవాళ ఆట ఉందా అని.

నెల తిరగలేదు.
ట్యూబులైటు పోయింది, బీరువాకి నా మోచేయి పోయింది.
నేను దూకిన అరక్షణానికి గానీ తెరలో నేను దూకను,
ఆ అరక్షణంలోనే చచ్చేది.
వెన్నెల దివాన్ మళ్ళీ పరిచి
పాత కంట్రోలర్ అందుకుంది.
"కూర్చుంటే గెలుస్తాను నాన్నా."

అడవిలో ఒకడు బొటనవేలు కోసిచ్చి
మిగతా ఒళ్ళంతా తనకుంచుకున్నాడట.
మేం తిరగేశాం.
ఒళ్ళంతా దివాన్‌కి దక్షిణ పెట్టి
రెండు బొటనవేళ్ళు దాచుకున్నాం.

కుర్రాడు వింటున్నాడో లేదో తెలీదు.
"ఇప్పుడు కళ్ళకి పెట్టుకునేవి వచ్చాయన్నా,
పెట్టుకుంటే గోడలే ఉండవు."
కళ్ళకి ఉండవు తమ్ముడూ, మోకాలికి ఉంటాయి.
ఫ్యూచర్ సంగతి తర్వాత,
ముందు మీ హాలు ఎన్ని అడుగులు?
"కూకట్‌పల్లి హాస్టల్. గదికి నలుగురం."
అని వాడే నవ్వాడు.
అయినా ఒకటి తీసి చూపించమన్నాడు.

దుమ్ము ఊది, తీగ కలిపి,
బల్ల మీది టీవీకి తగిలించి వరండా వైపు తిప్పాను.
వరండా పొడుగు. అది వెనక్కి జరగమనలేదు.
పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ లెక్కపెట్టుకుంటూ పోయింది,
హెడ్‌ఫోన్ల బేరగాడు, ప్రింటర్ మోసే హమాలీ,
అందరూ దానికి ఆటగాళ్ళే.
చాయ్ గ్లాసుల స్టాండుతో సాదిక్ వచ్చి
తెరలో తనని చూసి ఆగిపోయాడు.
స్టాండు పైకెత్తాడు.
తెరలోవాడూ ఎత్తాడు,
అరక్షణం ఆలస్యంగా,
ఒక్క చుక్క ఒలకకుండా.

మూడొందల యాభై, అన్నాను.
బేరం లేదు.